మేడం రైఫిలుకు చోటు వెతికాం

అల్ మవాలే,
శుక్రవారం, మధ్యాహ్నం.

నా బంగారు తల్లి మహబూబీకి,

అమ్మ హసీనా నిండు దీవెనలతో రాస్తున్నది. అల్లా దయ వల్ల ఈ అరబ్బు దేశంలో నా ఒళ్లూ, నా పనీ రెండూ సవ్యంగా ఉన్నాయి. హాస్టల్లో నువ్వు, ఇంటి దగ్గర మీ నాయన, అవ్వ కూడా కులాసాగా ఉన్నారన్న నమ్మకంతోనే కలం పట్టుకున్నాను.

నీ ఉత్తరం అందింది. డ్రైవర్ జిలాని అన్న వాళ్ల తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. మోకాలు నొప్పి ఎలా ఉందని అడిగావు. మేడం ఏదో నూనె తెప్పించి ఇచ్చారు, మెట్లు ఎక్కగలుగుతున్నాను. వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను తల్లీ, పోయిన వారం రాగిసంగటి కూడా చేసుకున్నాను. మేడం ఒక ముద్ద రుచి చూసి, దీనికి ఖర్జూరం బాగుంటుందన్నారు. నాకు నవ్వాగలేదు. నువ్వు చివర అడిగిన మూడో ప్రశ్న కూడా చదివాను. దానికీ ఈ ఉత్తరంలోనే జవాబు ఉంటుంది. ముందు ఈ నెల జరిగింది చెప్పనీ, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మా జాహిదా మేడం స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారని నీకు తెలుసు కదా. ఆమెకు సొంత రైఫిలు ఉందని మాత్రం నేనెప్పుడూ నీకు రాయలేదు. వాళ్ల నాన్న నేర్పిన విద్యట. లైసెన్సు ఉంది. దేన్నీ చంపడానికి కాదు, కాగితం మీద గీసిన గుండ్రాలను కొట్టడానికే. తుపాకీ ఒక పెట్టెలో, గుళ్లు వేరే పెట్టెలో, రెండు తాళాలూ ఆమె దగ్గరే. వారం వారం ఒక రేంజికి పోయేవారు. కాల్చడం నేర్పే, కాల్చుకోనిచ్చే మైదానాన్ని ఇక్కడ రేంజి అంటారు. మొన్న ఎండాకాలంలో దాన్ని మరమ్మతులకని మూసేశారు. అప్పటినుంచి మేడం ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోయారు. వంటగదిలోకి వచ్చి నా గిన్నెలు సర్దడం మొదలుపెట్టారంటే నువ్వే అర్థం చేసుకో.

ఒకరోజు పొద్దున్నే, పోయి రావడానికి వీలైన రేంజులన్నీ చూసి ఒకటి ఎంచుకుందాం, నువ్వూ రా అన్నారు. నాకెందుకు మేడం అంటే, చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టారు. తుపాకీ కనబడితే ఆమెకు మిగతాదేమీ కనబడదట, ఇల్లు చూసే కన్ను నాదట, చూసినదంతా రాయమన్నారు. ఆరేళ్లుగా ఈ ఇంట్లో చీపురూ గరిటే పట్టుకున్న చేతికి మొదటిసారి పెన్ను ఇచ్చారు. ఆ రోజు జిలాని అన్న కారులో ముందు సీట్లో కూర్చుని కహ్వా కాఫీ ఫ్లాస్కు కాళ్ల మధ్య పెట్టుకుని పోతుంటే, పెళ్లి చూపులకు పోతున్నట్టే అనిపించింది.

మొదటిది ఊళ్లోనే ఉంది. అద్దాల తలుపులు, ఏసీ, లోపలే కాఫీ దుకాణం. నేల మీద మన మొహం కనబడుతుంది. కానీ కౌంటరులో ఉన్న మనిషి లైసెన్సు ఎవరిదని జిలాని అన్నను అడిగాడు. మేడం తన కార్డు ముందుకు తోసినా, మాట మాత్రం అన్నతోనే. పైగా లోపల ఒకతను తుపాకీ చేతిలో పట్టుకుని, వెనక నిలబడ్డ వాళ్ల వైపు తిరిగి నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. నాకు చెవులకు పెట్టుకునేది కూడా ఇవ్వలేదు, ఇంటికొచ్చాక కూడా రెండు చెవులూ గుయ్యిమన్నాయి. పుస్తకంలో ‘బాత్రూము శుభ్రం, మనుషులు అజాగ్రత్త’ అని రాశాను.

రెండోది సోహార్ దారిలో, చాలా దూరం. అక్కడ వంద మీటర్ల దూరంలో గురి ఉంటుంది, వెనక కొండంత మట్టి కట్ట. మేడం కళ్లు మెరిశాయి. కానీ తలదాచుకోను రేకు ముక్క లేదు. గాలికి ఇసుక లేచి తుపాకీలో, కహ్వాలో, మా నోళ్లలో పడింది. “హసీనా, ఈడ మనం గురి సూసేది కాదు, కండ్లు తెరిసేదే కష్టంగా ఉండాది” అన్నాడు జిలాని అన్న. ఆడవాళ్లకు వేరే వేళ ఉందా అని అడగడానికి మనిషి కూడా దొరకలేదు. అది కూడా రాసుకున్నాను.

మూడోది బర్కా వైపు, ఖర్జూరపు తోటలు దాటాక. చూస్తే ఏమీ లేదు, రేకుల షెడ్డు, నేల మీద ఎర్రగీత, గోడకు నాలుగు భాషల్లో నియమాలు. అక్కడ జహీరుద్దీన్ అని ఒక బలూచీ పెద్దాయన ఉన్నాడు. సైన్యంలో చేసి రిటైరయ్యాడట, ఉర్దూ బాగా మాట్లాడతాడు. ముందు నన్ను చూసి, కళ్లద్దాలూ చెవులకు మూతలూ పెట్టించి, అప్పుడే గీత దగ్గరికి రానిచ్చాడు.

మేడం ఆత్రంగా పెట్టె తెరిచి, ఆయన చెప్పక ముందే రైఫిలు ఎత్తారు. ఆయన అరవలేదు. “మేడం, కింద పెట్టండి. గీత వెనక పది నిమిషాలు నిలబడండి” అన్నాడు, అంతే.

మేడం మొహం ఎర్రబడింది. నేనూ జిలాని అన్నా నేల చూపులు చూశాం. ఆమె రైఫిలు కింద పెట్టి, పోయి గీత వెనక నిలబడ్డారు. పక్కనే పెద్ద బండిలో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకూ అదే శిక్ష పడింది. పది నిమిషాలయ్యాక ఆమె కాల్చుకుని వచ్చి కారెక్కారు. ఒక కిలోమీటరు పోయాక పగలబడి నవ్వారు. ముప్పై ఏళ్లు పిల్లల్ని తరగతి బయట నిలబెట్టిన టీచరునే ఇవాళ ఒకాయన బయట నిలబెట్టాడు, మనం చేరేది ఇక్కడే అన్నారు. నేను పుస్తకం తెరిచి చూపించాను. ఆమె అడగకముందే నేను దాని పేరు కింద రెండు గీతలు గీసి ఉంచాను తల్లీ.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ మంగళవారం పొద్దున ఆడవాళ్ల వేళ. మొన్న మంగళవారం మేడం ఉన్నట్టుండి, హసీనా, నువ్వూ కాల్చు అన్నారు. ఆమె రైఫిలు కాదు, దాన్ని వేరేవాళ్లు ముట్టకూడదు. రేంజి వాళ్లదే గాలి తుపాకీ, పది మీటర్ల గురి. నా బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, చూసి, పేరు రాసుకుని, జహీరుద్దీన్ గారు నా పక్కనే నిలబడ్డాడు. మొదటి రెండూ కాగితానికి కూడా తగలలేదు. అప్పుడు నీ ఎన్.సి.సి. ఫైరింగ్ గురించి నువ్వు ఉత్తరంలో రాసింది గుర్తొచ్చింది. ఊపిరి సగం వదిలి, మిగతా సగం అలాగే పట్టుకుని, వేలుతో లాగకుండా మెల్లగా నొక్కాలని రాశావు కదా. అలాగే చేశాను. తర్వాతి ఐదూ నల్ల గుండ్రంలోనే పడ్డాయి మహబూబీ. ఒకటి నడిమధ్యకు గోరంత దూరం కూడా లేదు. అక్కడున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నలభై రెండేళ్లకు నా ఒంట్లో అంత సంతోషం ఎక్కడ దాక్కుని ఉందో నాకే తెలియదు.

జహీరుద్దీన్ గారు కాగితం చేతికిచ్చి, ఎవరు నేర్పారని అడిగాడు. నా కూతురు ఉత్తరంలో రాసింది అన్నాను. మేడం ఇటు తిరిగారు.

“అయితే నీ కూతురు ఎక్కడ కాలుస్తోంది ఇప్పుడు?”

ఆ కాగితం పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఇదే నీ మూడో ప్రశ్నకు జవాబు. నీ ఐదు గుళ్లూ రూపాయి బిళ్లంత చోటులో పడినా ఎన్.సి.సి. క్యాంపుకు నన్నెందుకు తీసుకోలేదమ్మా, నేనేం తప్పు చేశాను అని అడిగావు.

నువ్వే తప్పూ చేయలేదు. నిన్ను తీసుకున్నారు. రెండు నెలల కిందట మీ ఎన్.సి.సి. వీరబ్రహ్మం సార్ నాకు ఫోన్ చేసి, పేరు వచ్చింది, సంతకం కావాలన్నాడు. నేను వద్దన్నాను. పేరు రాలేదని మీరే చెప్పండి సార్ అని బతిమాలాను. “అమ్మా, బిడ్డ మనసు ఇరిగిపోతాది” అని ఆయన ఎంతో చెప్పాడు. నేను వినలేదు. తుపాకీ అంటే భయమని ఆయనతో అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. ఆ క్యాంపు తర్వాత ఇంకో క్యాంపు, ఆ తర్వాత సైన్యం, ఎక్కడో మంచు కొండలు. ఇంటి నుంచి ఒకరు దూరంగా ఉంటే చాలు, ఆ ఒకరు నేనే కావాలి అనుకున్నాను. నా దిగులుకు నీ ఆటను ఆపేశాను.

ఇదంతా మేడంతో చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. తన ఫోను తీసి నా ఒళ్లో పెట్టి, ఆ సారుకు ఇప్పుడే చెయ్ అన్నారు.

చేశాను. ఆ జాబితా వెళ్లిపోయిందట. కానీ ఇద్దరు పిల్లలు రాలేమన్నారట, వచ్చే నెల పన్నెండున కడపలో మళ్లీ ఫైరింగ్ పరీక్ష పెడుతున్నారు. నీ పేరు చేర్చమని అడిగాను. సరేనన్నాడు, ఫారం పంపాడు. పోయిన సారి నెగ్గావని ఈసారి ఊరికే తీసుకోరు తల్లీ, మొదటి నుంచి కాల్చాల్సిందే. నా వల్ల నీకు రెండుసార్ల శ్రమ. మీ నాయనకు నిన్న రాత్రి ఫోనులో జరిగిందంతా చెప్పాను. “బిడ్డకు నువ్వే సెప్పు, నన్ను సెప్పమనొద్దు” అన్నాడు. వార్డెను ఫోనులో, పదిమంది ముందు ఐదు నిమిషాల్లో చెప్పే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

జిలాని అన్న రేపు లీవు మీద వస్తున్నాడు. ఇది నీ చేతికే ఇస్తాడు. దీనితో పాటు ఫారం ఉంది. నేను ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెట్టాను. తొందరలో నువ్వు పెట్టాల్సిన చోట కూడా పెట్టబోయి ఆగాను, ఆ గడి ఖాళీగా ఉంది. పోవాలో వద్దో ఆ గడి నీది.

నా మీద కోపం వస్తుంది. రావాలి కూడా. ఉత్తరం రాయాలనిపించకపోతే రాయొద్దు, నేను ఎదురుచూస్తాను. ఫారం మాత్రం ముందు సార్ చేతికి ఇవ్వు.

ఇట్లు,
నీ గురికి అడ్డం నిలబడి, ఇవాళ పక్కకు తప్పుకున్న
మీ అమ్మ,
హసీనా.