గుండ్రటి చర్చిలో అయిదు నిమిషాలు

ఆదివారం, జూన్ 2004
మిల్టన్ కీన్స్, ఇంగ్లండ్

మూడు గంటలు కారులో కూర్చుని లడ్లో అనే ఊళ్ళోని కోటకు వెళ్ళి, చూడాల్సింది అయిదు నిమిషాలు చూసి వచ్చాను. ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

గుంటూరు కాలేజీలో ఆరేళ్ళు హిస్టరీ చెప్పాను. ఏటా బోర్డు మీద సగం గాజులా గుండ్రటి ఆర్చి గీసి, "దీన్ని రోమనెస్క్ అంటారు" అన్నదాన్నే కానీ, ఒక్కటీ కళ్ళతో చూసింది లేదు. ఆ కోట లోపల అలాంటి చర్చి ఉందని లైబ్రరీ పుస్తకంలో చదివి నెల రోజులు బతిమాలితే, మా ఆయన రవి సరేనన్నాడు. అని ఊరుకున్నాడా, తన ఆఫీసువాళ్ళ రెండు కుటుంబాలను కూడా పిలిచాడు! ఒక కారు దారి తప్పితే దాని కోసం అందరం ఆగాం. తర్వాత కార్ పార్కులోనే పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో కాఫీ. కోట మూసే వేళకు నేనొక్కదాన్నే లోపలికి పరిగెత్తాను.

చర్చికి కప్పు లేదు. చుట్టూ గుండ్రటి గోడ, పైన ఆకాశం. గుమ్మం ఆర్చి మీద రంపపు పళ్ళలా చెక్కడం ఉంది. బోర్డు మీద నేనెప్పుడూ గీయనిది అదే. మునివేళ్ళ మీద లేచి ఆ పళ్ళను తడుముతున్నాను.

"చూశావుగా, ఇంక రా! అందరూ నీకోసమే నిలబడ్డారు," అని బయటినుంచి రవి కేక.

వచ్చేశాను. రవి మీద కోపమైతే రేపటికి పోయేదే. కారెక్కుతుంటే రవి మేనేజర్ వాళ్ళమ్మ సుజాత ఆంటీ అడిగారు.

"అంతలా పరిగెత్తావు, లోపల ఏముందమ్మా?"

"ఏం లేదాంటీ, పాత రాళ్ళే," అన్నాను.

ఆరేళ్ళు పాఠం చెప్పిన ఈ నోటితోనే.