తెర పెట్టలేదేం మేడమ్?

అమ్మా,

మీ అమ్మాయికి పాఠం చెప్పే లెక్చరర్ని. "మా పిల్ల వల్ల అందరికీ ఇబ్బంది, చదువు మాన్పించేస్తాం" అని మీరు రాసింది చదివాను.

మొదట్లో ఇబ్బందే. తనకు వినపడదని, మైకులో పడ్డ మా మాటలు అక్షరాలుగా కనపడే తెర ఒకటి గోడకు బిగించాం. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే దానికేమీ ఎక్కదు. మా క్లాసేమో సంత. నేనేమో బోర్డుకేసి తిరిగి గొణిగే రకం. మీ పిల్ల పుణ్యమా అని అందరం దారికొచ్చాం.

నిన్న తను జ్వరమని రాలేదు. తెర పెట్టకుండానే పాఠం మొదలెట్టాను. వెనక బెంచీ అల్లరి పిల్లాడు లేచాడు.

"తెర పెట్టలేదేం మేడమ్?"

"తను రాలేదుగా నాయనా."

"తనకి పంపొద్దా అండీ? పాఠం పోతుంది కదా!"

పెట్టాను. క్లాసు అయ్యేదాకా ఎవరూ ఒకరి మాటకు ఒకరు అడ్డు రాలేదు, తను అక్కడే కూర్చున్నట్టు. గంట కొట్టాక ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి, తెరకేసి చూస్తూ తనతో ఏదో ఒకటి చెప్పి వెళ్లారు.

ఆ తెర మీద పడిందంతా అచ్చు తీసి ఇందులో పెట్టాను. పాఠం తనకివ్వండి. చివరి పేజీ మాత్రం ముందు మీరు చదవండి. మాన్పించే సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మీ పిల్ల మేడమ్