మళ్ళీ ఎక్కించమన్నాను

రాజమండ్రి

అమ్మకు నాగదుర్గ నమస్కారాలు. ఫోన్‌లో సగమే వినపడి కంగారుపడతావని కార్డు రాస్తున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

మంగళవారం కీళ్లవాతం మందు సెలైన్‌లో ఎక్కిస్తుండగా ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు పట్టేసినట్టయింది. పిలుద్దామంటే మాట రాలేదు. పక్కనే కూర్చున్న అత్తయ్యగారు నా మొహం చూసి, “నర్సమ్మగారూ, ముందది ఆపండి! మా పిల్లకి ఊపిరాడట్లేదండీ!” అని వార్డు అదిరేలా కేక పెట్టారు. వెంటనే ఆపి ఇంజెక్షన్ చేశారు.

తేరుకున్నాక డాక్టరుగారు, నెమ్మదిగా మళ్ళీ ఎక్కిద్దామా, మానేద్దామా అని అడిగారు. నాకు వణుకు తగ్గనేలేదు. కానీ ఈ మందు మొదలెట్టాకే కదా పూజితకి నా చేత్తో జడ వేయగలుగుతున్నాను. ఎక్కించమన్నాను. “నీ మీంచి చూపు తిప్పనులేవే అమ్మాయ్” అని అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని, అయ్యేదాకా మంచినీళ్ళకైనా లేవలేదు.

పూజిత అమ్మ కావాలని పేచీ పెట్టకుండా నీ దగ్గర సరిగ్గా తింటోందా? ఆదివారం మా ఆయన దాన్ని చూడడానికి వస్తారు. ఆయనతో కాస్త మాగాయ పంపు, అత్తయ్యగారికి ఇష్టం.

ఈ మందు మానేయమని మాత్రం అనకమ్మా. నువ్వు వద్దంటే ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది. వచ్చేసారి నువ్వూ రా, నాకు రెండో పక్కన కూర్చుందువుగాని.

నాన్నగారికి నమస్కారాలు, పూజితకి ముద్దులు.

నీ నాగదుర్గ