ఆరు కుర్చీల లెక్క

12 మే 1994, యూసుఫ్‌గూడ

పోయిన వారం ఎంసీఏ కోచింగ్‌ల రీజనింగ్ టెస్టు పెడితే, గుండ్రటి టేబుల్ చుట్టూ ఆరుగురిని కూసోబెట్టే లెక్క కాడ నాకు టైం అయిపోయింది. సినిమా ప్రొడ్యూసర్ కొడుకు కిశోర్ అందరి ముందర, "సార్, లైట్లు మోసేవాళ్లమ్మాయికి ఇవన్నీ ఎందుకండీ" అన్నడు.

ఇయ్యాల మళ్లీ అసొంటి లెక్కే వచ్చింది. ఏ, బీ, సీ అనుకోలే. షూటింగ్‌ల భోజనాలకు ఎవరి పక్కన ఎవరు కూసుంటరో బాపు చెప్తుంటడు కదా, ఆ పేర్లే పెట్టుకున్న. నిమిషంన్నరల తెగింది. నాకంటె ముందు ఇచ్చిన కిశోర్‌ది తప్పని సార్ అప్పుడే అన్నడు. వాని మొఖం చూసుకుంటనే పేపర్ ఇచ్చిన.

రేపు బాపుకు వాళ్ల సినిమాలనే పని. వాడు ఇంట్ల ఏమన్న చెప్తే...

చెప్పనీ. ఇన్నేండ్లల సెట్టుల బాపుకు ఒక్కలు కుర్చీ ఎయ్యలే, నిలబడే తింటడు. ఇయ్యాల నా లెక్కల మొదటి కుర్చీ బాపుకిచ్చిన. కిశోర్ వాళ్ల నాయనను ఆఖరి దాకా నిలబెట్టిన.