ఐవర్ కాలేజీ కాగితం

డల్యూత్,
అక్టోబరు 9

ఐవర్ వాళ్ల నాన్నకు,

ప్రభువు పేరిట వందనాలు. ఆయన దయవల్ల నేనూ, ఐవరూ, మీ అమ్మగారూ బాగున్నాం. సరస్సులో గాలులు లేచాయని రేడియోలో విన్నప్పుడల్లా మీ ఓడ కోసం ప్రార్థిస్తున్నాను. డెట్రాయిట్ దగ్గర తపాలా పడవవాళ్లు ఈ ఉత్తరం మీ చేతికిచ్చేసరికి మీకు అక్కడ కాస్త తెరిపిగా ఉండాలని కోరిక.

మీరడిగిన పైకప్పు కారడం ఆగింది. అత్తయ్యగారి మోకాలు నయం. ఆదివారం చర్చి భోజనాలకు ఆవిడే బంగాళాదుంపలు వండి తెచ్చారు. ఉప్పు ఎక్కువైందని అందరూ అన్నారు, గిన్నె మాత్రం ఖాళీ చేశారు.

ఇక కాలేజీ సంగతి. బేస్‌బాల్ జట్టులోకి ఐవర్‌ను పిలిచిన రెండు కాలేజీలూ చూసొచ్చాం. మీకు నచ్చిన పెద్ద కాలేజీలో ఆటగాళ్ల గదిలో ఒక బీరువా మీద వీడి పేరు ముందే అంటించి ఉంచారు. వీడి మొహం చూడాలి! నేను బెంచీ మీదున్న ఒక కుర్రాణ్ణి, "కిందటేడు ఎన్ని ఆటలాడావు నాయనా?" అని అడిగాను.

"ఒక్కటీ లేదమ్మా. నాలాంటివాళ్లం పద్నాలుగు మందిమి. చప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా కొడతాం" అని నవ్వాడు.

చిన్న కాలేజీలో ముసలి కోచ్ ప్రూయిట్ తనే మైదానం చదును చేసుకుంటూ కనిపించాడు. "బడి జట్టుకు బంతుల లెక్క రాసేది మీరేనటగా. ఆ పుస్తకమేదీ? వేగం యంత్రం చెప్తుంది. అలసట తల్లుల పుస్తకాలే చెప్తాయమ్మా" అన్నాడు.

మీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. మే నెలలో ఒక బుధవారం ఐవర్ తొంభై ఒక్క బంతులు విసిరాడు. డెబ్బై అయిదు దాటితే, చెయ్యి అలిసిపోతుందని, మూడు రోజులు ఆడనివ్వరు. శనివారం పెద్ద కాలేజీవాళ్లు చూడ్డానికొస్తున్నారు. వాడు బతిమాలాడు. నేను పుస్తకంలో డెబ్బై నాలుగని రాశాను. శనివారం ఆడాడు, మోచేతికి నొప్పి తెచ్చుకున్నాడు. వాడు ఆట మానింది జలుబువల్లనని మీకు రాశాను.

నేనిచ్చిన పుస్తకం తిరగేస్తూ ప్రూయిట్ వేలు సరిగ్గా ఆ అంకె మీదికి వచ్చేసరికి నా నోరు ఆగలేదు. "అది అబద్ధమండీ" అన్నాను.

"అమ్మా!" అన్నాడు ఐవర్, మొహం పాలిపోయి.

ఆయన కళ్లజోడు తీశాడు. "నొప్పి ఎంతకాలం ఉందిరా?"

"జూలై దాకా సార్."

"అయితే ఈ శీతాకాలం బంతి ముట్టకు. ఇక్కడ మొదటి ఏడాది కూర్చోబెట్టినా కంగారుపడకు. నీ చోటు ఎక్కడికీ పోదు."

కారులో ఇంటికి వచ్చేశాం. తరువాత, "పెద్ద కాలేజీకి కూడా చెప్పేస్తానమ్మా" అని తనే ఫోన్ చేశాడు. డాక్టరు చూశాక ఆలోచిస్తామన్నారు. ఫోన్ పెట్టేసి, "నొప్పి దాచుకుంటూ నాలుగేళ్లు విసరలేను. చిన్నదానికే వెళ్తా" అన్నాడు. బడి కోచ్‌కి నేనే వెళ్లి నిజం చెప్పాను. పుస్తకం ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

మీ ఆశ అటువైపు ఉందని తెలుసు. కోపం ఉంటే నా మీద చూపండి, వాడికి మాత్రం ఒక మంచి మాట రాయండి. కాలేజీ కాగితం ఇందులో పెట్టాను. వాడు సంతకం చేశాడు, నేనూ చేశాను. తండ్రి సంతకం చేసే గీత ఖాళీగా ఉంది.

వాడిప్పుడు వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఈల వేస్తున్నాడు. మే నెల తరువాత వాడి ఈల వినడం ఇదే మొదటిసారి.

ఇట్లు,
మీ రాకకు, మీ సంతకానికి ఎదురుచూసే
మీ భార్య మార్లిస్