తలుపు పక్కన అంటించిన కొలత

చిరంజీవి చెల్లాయికి అన్నయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కనుక అలాగే రాస్తున్నాను. మీ వదిన మోకాళ్ల నొప్పి వానలు తగ్గాక కొంత నెమ్మదించింది. బావగారు, పిల్లలు, నీ వైద్యం మీద బతికే పశువులు, అందరూ కులాసా అని తలుస్తాను.

జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఈమధ్య టైర్ల షాపు నుంచి వచ్చేసరికి చొక్కా విప్పే ఓపిక కూడా ఉండడం లేదు. కుర్చీలో అలాగే కూలబడతాను. మీ వదిన టీ ఇస్తుంది, చల్లారిందని మళ్లీ వేడిచేస్తుంది, అదీ చల్లారుతుంది.

ముందు కారు సంగతి. నువ్వు పాత కారు కొన్నందుకు సంతోషించాను. కొండ దారిలో బస్సు కోసం నిలబడీ నిలబడీ, దూడ పుట్టాక చేరుకునే డాక్టరమ్మనయ్యానని నువ్వే రాశావు కదా. టైర్లు అరిగిపోయాయి, ఏ సైజువి కొనాలి అని అడిగావు. టైరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అంకెలు పంపావు. చిన్నప్పుడు నాణేల మీద ఇలాగే రుద్దేదానివి. మీ వదిన ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చదివింది. 185/80 R14 అంది.

ఆ అంకె చూసి అదే కొనేయకు. అది ఇప్పుడున్న టైరుది. ఇంతకు ముందు ఆ కారు వాడినవాడు ఏ మోజులో ఏది వేయించాడో మనకు తెలియదు. డ్రైవరు వైపు తలుపు తెరువు. తలుపు వచ్చి ఆనుకునే చోట చిన్న స్టిక్కరు అంటించి ఉంటుంది. కారు తయారుచేసినవాళ్లు దానికి ఏ సైజు టైరు తగునో, గాలి ఎంత ఉండాలో అక్కడ రాస్తారు. దాన్ని పగటి వెలుగులో చదువు. నువ్వు చదివాక బావగారి చేత కూడా చదివించు. అక్కడ ఏది ఉంటే అదే, నాలుగు చక్రాలకూ.

మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తర్వాతది పక్కగోడ ఎత్తు. ఎనభై అంటే ఎనభై మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో నూటికి ఎనభై పాళ్లు. చివరి పద్నాలుగు లోపలి చక్రం కొలత, అంగుళాల్లో. నూటికి ఇన్ని పాళ్లు అనే లెక్క నేను బడిలో నేర్చుకోలేదు, టైరు ముందు గొంతుక్కూర్చుని నేర్చుకున్నాను.

“ఇంకా వెడల్పువి వేయిద్దాం, కొండ మీద పట్టు బాగుంటుంది, చూడ్డానికీ దర్జాగా ఉంటుంది” అంటున్నారట బావగారు. కాలు పెరగకుండా చెప్పు పెంచితే నడక ఎలా ఉంటుందో నా మాటగా ఆయన్ను అడుగు. వెడల్పు పెంచి రెండో అంకె అలాగే ఉంచితే టైరు ఎత్తూ పెరుగుతుంది. అప్పుడు మీటరు చూపేదానికంటే బండి వేగంగా పోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకుంటుంది. మీ దారంతా మలుపులే అంటావు.

ఇక నీ రెండో ప్రశ్న. “అక్షరాలు గుమ్మడికాయలంత రాస్తున్నావేంటి అన్నయ్యా, నేనేమైనా ముసలిదాన్నయ్యానా?” అని కిందటి ఉత్తరంలోనూ అడిగావు, అంతకు ముందూ అడిగావు. అసలు ఆలస్యం దీనివల్లే.

నాకు చూపు తగ్గిందమ్మా. మంచు పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టుంటుంది. షాపులో ఎవరికీ తెలియదు. టైరు మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి కనుక బొటనవేలితో తడిమి చదువుకుంటూ వచ్చాను. “మేస్త్రీ, టైరును అలా నిమురుతున్నావు, పాలిస్తుందా ఏంటి?” అని పక్కవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ తలుపు దగ్గరి స్టిక్కరు నున్నగా ఉంటుంది. వేలికి ఏమీ తగలదు. అందుకని దాన్ని చూడడం మానేశాను.

పోయిన నెల ఒక మాస్టారు తన కారుకు ముందు చక్రాల టైర్లు మార్చమని వచ్చాడు. అరిగిన టైరు మీది ఆరు నా వేలికి ఎనిమిదిలా తగిలింది. 165 వేయాల్సిన చోట 185 వేసి పంపాను. తర్వాత ఆయన తిరిగొచ్చి, “మలుపు తిప్పితే లోపల ఏదో కొరుకుతోంది మేస్త్రీ. ఎలుక దూరిందంటోంది మా ఆవిడ” అన్నాడు నవ్వుతూ. నేను కింద పడుకుని లోపలికి చేయి పెట్టాను. టైరు అంచు చెక్కుకుపోయి ఉంది. వెనక సీట్లో ఆయన పిల్లలు ఏదో పాట పాడుకుంటున్నారు.

సరైనవి వేసి పంపాను. “నీ చేతిలో తప్పు రావడమేంటయ్యా? నిద్ర చాలట్లేదా?” అన్నాడు ఓనరు. అవునన్నాను.

మీ వదినకూ చెప్పలేదు. కాకపోతే పేపరు చదవడం, రోజూ ఇంటి లెక్క రాయడం అలసటగా ఉందని ఆమెకే అప్పగిస్తుంటే, “ఈ అలసట కళ్లకే వస్తుందా? చెవులు పాము చెవుల్లా ఉన్నాయి” అంది మొన్న. టీ చల్లారిందన్నాను నేను. తను లేచి వేడిచేయడానికి వెళ్లింది.

నువ్వు పంపిన పెన్సిలు కాగితాన్ని కూడా వేలితో తడిమి చూశాను. అది వట్టి కాగితం. ఆమె చదివిన ఎనిమిది ఎనిమిదో ఆరో నాకు తెలియలేదు. ఊళ్లో అందరి బళ్లకూ సైజు చెప్పినవాణ్ని, సొంత చెల్లెలికి మాత్రం స్టిక్కరు చూసుకోమని రాస్తున్నాను.

రేపు ఓనరుకు చెప్పేస్తాను. పనిలో ఉంచుతాడో లేదో తెలియదు. నీకు రాసేస్తే ఇక వెనక్కి తగ్గలేనని ముందు నీకు రాస్తున్నాను. కళ్ల ఆసుపత్రి గేటు దాకా ఒకసారి వెళ్లాను. ఏమంటారోనన్న భయంతో తిరిగొచ్చాను. డాక్టరు దగ్గరికి వెళ్లు అన్నయ్యా అని జవాబు రాయకు. సరైన టైర్లు వేయించుకుని నువ్వే వచ్చి తీసుకెళ్లు. ముందు సీట్లో నీ పక్కన కూర్చుంటాను. దారిలో బోర్డులు నువ్వు చదువు. బండెక్కే ముందు మాత్రం ఆ తలుపు తెరిచి, నా వేలు స్టిక్కరు మీద పెట్టి, ఒక్కో అంకె పైకి చదివి వినిపించు.

కవరు మీద చిరునామా మీ వదిన చేత రాయిస్తాను. లోపలిది చదవదనే అనుకుంటాను. చదివినా మంచిదే.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తుండే
అన్నయ్య