పెరట్లో గుంట

అత్తయ్యా,

"నా మనవరాలి మాయ ఏ కుక్కలపాలు చేశావే?" అని ఫోన్ పెట్టేశారు. మళ్లీ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. దాన్ని పాతిపెట్టడానికి మీరు పెరట్లో గుంట తవ్వించారని తెలుసు.

కాన్పులో బిడ్డ వెనకే పడిన ఆ మాయను పారేయలేదు. ఆసుపత్రి వాళ్లు అడిగితే సంతకం పెట్టి కంటి వైద్య పరిశోధనకు నేనే ఇచ్చాను. అందులోని పలచటి పొరను సున్నం పడి కాలిన కంటికి అతికిస్తారట. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో మామయ్య కన్ను పోయిననాడు ఈ వైద్యం మనదాకా రాలేదు.

ఈ ఆసుపత్రిలోనే మరో తల్లి ఇచ్చిన పొర కంటికి వేయించుకున్న బట్టీ కూలీ ఒకామె, నిన్న కట్టు విప్పాక మన పాపను చూసి, "ఏందమ్మా, పిల్ల చానా ఎర్రగుందే!" అంది.

మీకు ముందు చెప్పకపోవడం నా తప్పే. బొడ్డు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఊడగానే మూటగట్టి తెస్తాను. గుంట పూడ్చకండి.

మీ కోడలు